చర్మకారుని ఇంటి నుండి ప్రయోగశాలకు: వరంగల్ ప్రాంతంలో జీవశాస్త్ర ప్రాక్టికల్స్ – ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ నగరంలో ఏ సంఘానికి వెళ్ళినా, వేసవి చివర వచ్చే ప్రార్థన విన్నపాలలో 'బై.పి.సి.' అనే మాట తప్పక వినబడుతుంది. పదవ తరగతి పూర్తయిన బిడ్డను ఆ గ్రూపులో చేర్చాలని, ఆ బిడ్డ డాక్టరు కావాలని తల్లిదండ్రులు పాస్టరుగారి చేత ప్రార్థన చేయిస్తారు. ర్యాంకు కోసం ప్రార్థిస్తాము, సీటు కోసం ప్రార్థిస్తాము. అయితే ఆ రెండేళ్ళలో ఆ బిడ్డ చేతులు ఏమి నేర్చుకోబోతున్నాయని మనం సాధారణంగా అడగము.

కళాశాలలో మొదలుపెట్టే జీవశాస్త్రానికి రెండు భాగాలున్నాయి. ఒకటి తరగతి గదిలో వినే పాఠం, రెండవది ప్రయోగశాలలో చేసే పని. మొదటి భాగం గురించి మన క్రైస్తవ పత్రికలలో చర్చ చాలా జరిగింది. అది దాదాపు ప్రతిసారీ సృష్టి, పరిణామ వాదాల దగ్గర మొదలై అక్కడే ఆగింది. రెండవ భాగాన్ని వేదాంత దృష్టితో చూసినవారు అరుదు. ఈ వ్యాసంలో మేము ఆ రెండవ భాగపు చరిత్రను పరిశీలిస్తాము.

మా ప్రతిపాదన ఇది. చచ్చిన జంతువును ముట్టుకున్న చేయి మైలపడినదని మన గ్రామాలు తరతరాలుగా చెప్పాయి. అదే పనికి కళాశాల ప్రయోగశాల విద్య అని పేరు పెట్టి, మార్కులు వేసింది. ఆ మైల భారాన్ని మోసినవారి సంతతివారు తెలుగు సంఘంలో ఎంతోమంది ఉన్నారు. కాబట్టి ప్రయోగశాల చరిత్ర మన సంఘ చరిత్రకు పరాయిది కాదు.

2. ప్రాక్టికల్ పుట్టుక

నేడు మన విద్యార్థి చేసే జీవశాస్త్ర ప్రాక్టికల్‌కు మూలాలు లండన్‌లో ఉన్నాయి. 1870ల ఆరంభంలో సౌత్ కెన్సింగ్టన్‌లో టి.హెచ్. హక్స్‌లీ పాఠశాల ఉపాధ్యాయుల కోసం ఒక కోర్సు నడిపాడు. అంతవరకు జంతుశాస్త్రమంటే ఎక్కువగా ఉపన్యాసం వినడం, గాజు సీసాలలో ఉంచిన నమూనాలను దూరం నుండి చూడడం. హక్స్‌లీ ఈ క్రమాన్ని మార్చాడు. ఉపన్యాసంలో ఏ జీవి గురించి విన్నారో ఆ జీవినే విద్యార్థులు స్వయంగా కోసి, సూక్ష్మదర్శిని కింద చూసి, బొమ్మ గీయాలన్నాడు. ఆ అనుభవం ఆధారంగా 1875లో ఆయన, ఆయన శిష్యుడు హెచ్.ఎన్. మార్టిన్ కలిసి ప్రాథమిక జీవశాస్త్ర ప్రాక్టికల్స్‌పై ఒక పాఠ్యగ్రంథం ప్రచురించారు. అది ఈస్టుతో మొదలై, అమీబా, ఫెర్న్ వంటి జీవుల మీదుగా సాగి, కప్పతో ముగుస్తుంది. ప్రతి వర్గానికీ ఒక ప్రతినిధి జీవిని ఎన్నుకొని క్షుణ్ణంగా చదివే ఈ పద్ధతే తరువాత ఇంగ్లీషు పాఠ్యప్రణాళికల ద్వారా మన దేశపు కళాశాలలకు వచ్చింది. వానపాము, బొద్దింక, కప్ప మన విద్యార్థుల రికార్డు పుస్తకాలలో చోటు సంపాదించుకున్నది ఈ దారిలోనే.

మన వేదాంత విద్యార్థులు హక్స్‌లీని డార్విన్ పక్షాన బిషప్ విల్బర్‌ఫోర్స్‌తో 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో వాదించినవాడుగా ఎరుగుదురు. ఇంగ్లీషులో అజ్ఞేయవాదికి వాడే మాటను 1869లో పుట్టించినవాడు కూడా ఆయనే. అలాంటి వ్యక్తి నాటిన పద్ధతి నుండి సంఘం ఏమి నేర్చుకోగలదని కొందరు అడగవచ్చు. పద్ధతిని పరీక్షించి చూద్దాము. ప్రయోగశాలలో విద్యార్థికి మొదట చెప్పే నియమం, చూసినదే గీయాలి. పుస్తకంలో ఆరు కనబడి, ట్రేలో అయిదే కనబడితే అయిదే గీయాలి. మిగిలిన ఒకటి ఎందుకు కనబడలేదో తరువాత వెదకాలి. పది ఆజ్ఞలలో అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించిన ఆజ్ఞను ఎరిగిన మనకు ఈ నియమం కొత్తది కాదు. తన కళ్ళు చూడనిదానికి సాక్ష్యం చెప్పకపోవడం ప్రయోగశాలకు, న్యాయస్థానానికి, ప్రసంగ వేదికకు ఒకే విధంగా వర్తిస్తుంది.

3. మిషను చరిత్రలో మొక్కలు పట్టుకున్న చేతులు

హక్స్‌లీ కంటే వందేళ్ళ ముందే ఈ తీరంలో జీవులను చేతితో పట్టి చదివినవారున్నారు. వారిలో కొందరు మిషను పనివారే. లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి మిషనుకు వైద్యుడుగా వచ్చాడు. దక్షిణ భారతదేశపు మొక్కలను సేకరించి, వర్ణించి, ఐరోపా పండితులకు పంపాడు. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో మరణించాడు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్‌కు ఆయన స్నేహితుడు, మార్గదర్శి. రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలపై 1795 నుండి వెలువడిన తన గ్రంథంలో మొక్కల తెలుగు పేర్లను నమోదు చేశాడు. పేర్లు చెప్పినది స్థానిక ప్రజలు. మన ఊళ్ళలో మొక్కలెరిగినవారి జ్ఞానం ఆ విధంగా లాటిన్ పేర్ల పక్కన ముద్రణకెక్కింది.

రాక్స్‌బర్గ్ రచనలను అచ్చుకు సిద్ధం చేసినవాడు మనకు బాగా తెలిసినవాడే, విలియం కేరీ. కలకత్తా తోటలోని మొక్కల జాబితాను 1814లో, రాక్స్‌బర్గ్ రాసిన భారతీయ వృక్షజాల గ్రంథపు మొదటి సంపుటాన్ని 1820లో శ్రీరాంపూరు ముద్రణాలయం వెలువరించింది. అదే 1820లో కేరీ వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించాడు. అదే ముద్రణాలయం నుండి 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడింది. రాక్స్‌బర్గ్ ఒక వృక్ష ప్రజాతికి కేరీ పేరు పెట్టాడు. ఆ ప్రజాతి చెట్టు దక్కను అడవులలో నేటికీ పెరుగుతున్నది.

శ్రీరాంపూరు సెనేటు ఇచ్చే బి.డి. పట్టా పొందిన మనం కేరీని అనువాదకుడుగా, మిషనరీగా చదువుకుంటాము. ఇంగ్లండులో ఆయన వృత్తి చెప్పులు కుట్టడమని కూడా చదువుకుంటాము. కాని ఈ మూడింటిని కలిపి చూడము. తోలు పట్టిన చేయి, మొక్కలు నాటిన చేయి, వాక్యాన్ని అనువదించిన చేయి ఒక్కటే. ఈ విషయానికి మళ్ళీ వస్తాము.

సంఘ పరిచర్యలో ఉండి ప్రయోగశాల శిక్షణ పొందినవారిలో గ్రెగోర్ మెండెల్ మరొకరు. ఆయన బ్రునో నగరంలో అగస్టీన్ సన్యాస మఠ సభ్యుడు. 1850లో ఉపాధ్యాయ అర్హత పరీక్షలో తప్పాడు. మఠాధిపతి ఆయనను 1851లో వియన్నా విశ్వవిద్యాలయానికి పంపాడు. అక్కడ డాప్లర్ దగ్గర ప్రయోగాత్మక భౌతికశాస్త్రం, ఉంగెర్ దగ్గర వృక్షశాస్త్రం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చి 1856 నుండి మఠపు తోటలో బఠానీ మొక్కల మీద ప్రయోగాలు చేశాడు. పుప్పొడిని స్వయంగా ఒక పువ్వు నుండి మరొక పువ్వుకు చేర్చి, వేలాది మొక్కలను లెక్కించి, ఆ ఫలితాలను 1866లో ప్రచురించాడు. తప్పిన పరీక్ష తరువాత ఆయనకు ఆ రెండేళ్ళ శిక్షణ ఇప్పించిన మఠాధిపతి దూరదృష్టిని మన సంఘ నాయకులు గమనించాలి.

4. వరంగల్‌లో: మూడు భాషలలో ఒకే కప్ప

ఇక మన ప్రాంతానికి వద్దాము. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రం 1879లో లఫ్‌రిడ్జ్ దొర ఆధ్వర్యంలో ఏర్పడింది. తరువాత మిషను ఆసుపత్రి కూడా వెలసింది. సూక్ష్మదర్శిని, శస్త్రచికిత్స వంటి మాటలు మన గ్రామ విశ్వాసులు మొదట విన్నది ఇలాంటి మిషను ఆసుపత్రుల ద్వారానే అనవచ్చు.

ఉన్నత విద్య వేరే దారిలో వచ్చింది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ప్రారంభమైంది. దాని బోధనా భాష ఉర్దూ. అందుకోసం 1917లోనే అనువాద విభాగాన్ని ఏర్పరచి విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. హనుమకొండలో 1927లో కాలేజియేట్ హైస్కూలుగా మొదలైన సంస్థ కాలక్రమంలో సుబేదారిలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థికి ఆ రోజులలో ఉన్నత విద్యలో వృక్షశాస్త్రం నబాతియాత్, జంతుశాస్త్రం హైవానియాత్. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది.

మూడవ మార్పు 1968లో మొదలైంది. ఆ సంవత్సరం ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్‌కు, డిగ్రీకి తెలుగు పాఠ్యపుస్తకాలు సిద్ధం చేయసాగింది. దాని తొలి అధ్యక్షుడు, హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు. అదే 1968లో వరంగల్‌లో ఉస్మానియా పోస్టు గ్రాడ్యుయేట్ కేంద్రం వచ్చింది. 1976లో అది కాకతీయ విశ్వవిద్యాలయమైంది. అంతకు ముందే, 1959లో, కాకతీయ వైద్య కళాశాల స్థాపించబడింది. ఊళ్ళో వైద్య కళాశాల ఉండడంతో బై.పి.సి. అనే మూడక్షరాలకు ఇక్కడి తల్లిదండ్రుల మనసులో ఒక ప్రత్యేకమైన విలువ ఏర్పడింది.

తెలుగు మాధ్యమం వచ్చినప్పుడు కొత్త పదాలు కావలసి వచ్చాయి. ఒక్క ఉదాహరణ చూద్దాము. పల్లెటూరి తెలుగులో 'నరం' అనే ఒక్క మాట మూడింటికి చెల్లుతుంది: రక్తం పారేది నరమే, స్పర్శను మోసేది నరమే, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచేది నరమే. పాఠ్యపుస్తకం వీటిని సిర, నాడి, స్నాయుబంధనం అని విడదీసింది. ఈ మాటలు విద్యార్థికి సంస్కృతం వలె కష్టంగా తోచాయి. అయితే ట్రేలో జీవిని కోసి చూసినప్పుడు మూడూ మూడు వేరు వేరు వస్తువులని కన్ను ఒప్పుకుంది. పదం ఇబ్బంది పెట్టిన చోట చేయి సహాయపడింది. బైబిలు అనువాదంలో పదాల కోసం తండ్లాడిన మన పూర్వికులు ఈ కష్టాన్ని బాగా అర్థం చేసుకోగలరు.

మేము ఇంటర్మీడియట్ చదివిన 1980ల చివరి సంవత్సరాలలో ప్రాక్టికల్ అంటే ఇలా ఉండేది. ఉల్లిపొర ఒలిచి, సాఫ్రనిన్ రంగు వేసి, గాజు పలకపై పెట్టి కణాలను చూసేవారము. లేత కాండాన్ని బ్లేడుతో పలచగా కోసి, ఆ కోతలలో అతి పలచనిదాన్ని ఏరుకునేవారము. మైనం పోసిన ట్రేలో నీళ్ళు పోసి, బొద్దింకను గుండుసూదులతో గుచ్చి, జీర్ణవ్యవస్థను విడదీసేవారము. కప్పను కోసిన రోజు గదంతా క్లోరోఫారం వాసన. చివరి పరీక్షలో బయటి కళాశాల నుండి పరీక్షకులు వచ్చేవారు. బల్ల మీద వరుసగా పెట్టిన నమూనాలను గుర్తుపట్టి కారణాలు రాయాలి. నేటికీ మన రాష్ట్ర ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో వృక్షశాస్త్ర ప్రాక్టికల్స్‌కు 30, జంతుశాస్త్ర ప్రాక్టికల్స్‌కు 30 మార్కులున్నాయి.

5. మైల అన్నచోట మార్కులు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. తెలంగాణ గ్రామంలో ఎద్దు చస్తే దానిని ఎవరు ముట్టుకోవాలి? గ్రామ కట్టుబాటు ఆ పనిని మాదిగలకు అప్పగించింది. కళేబరాన్ని మోసుకుపోయి, తోలు ఒలిచి, దానిని పదును చేసి, చెప్పులు, మోట బొక్కెనలు, డప్పులు తయారుచేసి ఇచ్చినది వారే. నిజాం కాలంలో దొరలకు ఈ వస్తువులను వెట్టిగా కూడా ఇవ్వవలసి వచ్చేది. మోట బొక్కెన లేకపోతే బావి నీరు పొలానికి ఎక్కదు. ఊరికి అన్నం పెట్టిన ఆ చేతులనే ఊరు అంటరానివని చెప్పింది.

ఆ పనిలో ఎంత శాస్త్రముందో గమనించాలి. పచ్చి తోలును సున్నపు నీటిలో నానబెడితే వెంట్రుకలు ఊడివస్తాయి. తరువాత లందలో తంగేడు చెక్క రసంలో రోజుల తరబడి ఊరబెడతారు. తంగేడు చెక్కలోని టానిన్లు తోలులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో గట్టిగా బంధించుకుంటాయి. ఆ బంధం వల్ల తోలు కుళ్ళదు. మన రాష్ట్ర పుష్పంగా నేడు గౌరవించే తంగేడును తరతరాలుగా చెక్క కోసం ఎరిగినవారు లంద దగ్గరి మనుషులు. ఉమ్మడి వరంగల్ జిల్లా పాపయ్యపేటలో పుట్టిన కంచ ఐలయ్య, 2009లో వెలువడిన తన ఇంగ్లీషు గ్రంథంలో, మాదిగలను అట్టడుగు శాస్త్రజ్ఞులుగా వర్ణించారు. హిందూ మతంపై ఆయన తీర్పులన్నింటితో పాఠకులు ఏకీభవించనవసరం లేదు. ఈ ఒక్క విషయంలో ఆయన చూపిన దిశ సరైనదని మేము నమ్ముతున్నాము.

మా తాతగారు లంద నడిపిన మనిషి. చదువు లేదు. మా రికార్డులో కప్ప తొడ కండరాల బొమ్మ చూసి, కండ ఎక్కడ మొదలై ఎక్కడ ఎముకకు అతుక్కుంటుందో వేలు పెట్టి చూపారు. తోలు ఒలిచేటప్పుడు కత్తి ఎక్కడ ఆనిస్తే గాటు పడుతుందో, ఎక్కడ ఆనిస్తే పొర దానంతట అదే విడివడుతుందో చెప్పారు. 'గిదే పని మేం చేస్తే ఎడంగ నిలబడుమన్నరు బిడ్డా, నువ్వు చేస్తే మార్కులేస్తరా?' అని అడిగారు. ఈ ప్రశ్నకు సమాధానం ఏ పాఠ్యపుస్తకంలోను లేదు.

1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా మానవ శవాన్ని కోశాడు. శవాన్ని తాకితే కులం పోతుందన్న భయాన్ని దాటిన ఆ సంఘటనను మన దేశంలో ఆధునిక వైద్య విద్యకు ఒక ఆరంభంగా చరిత్రకారులు చెబుతారు. అది నిజంగా ధైర్యమైన పనే. కాని ఆ భయం లేకుండా జంతు దేహాన్ని ఎరిగినవారు అప్పటికే ప్రతి తెలుగు పల్లె అంచున ఉన్నారన్నది ఆ చరిత్రలో రాయబడలేదు. కళాశాలలు వచ్చిన తరువాత అన్ని కులాల పిల్లలూ ఒకే విధమైన ట్రే ముందు నిలబడ్డారు. పిల్లవాడి కులమేదైనా సరే, కప్పను ముట్టుకోకపోతే మార్కులు రావు. ఊరి కట్టుబాటు ఎన్నడూ ఒప్పుకోని సమానతను ప్రాక్టికల్ పరీక్ష ఆ మూడు గంటలపాటు అమలు చేసింది.

అయితే ఈ చిత్రాన్ని అతిగా అందంగా గీయకూడదు. మా కాలంలో కప్పలను పట్టి తెచ్చినవాడు, ట్రేలు కడిగినవాడు, వాసన కొట్టే వ్యర్థాన్ని పారబోసినవాడు మార్కులు పొందినవాడు కాడు. పాత విభజన ప్రయోగశాల వెనుక గదిలోకి మళ్ళీ ప్రవేశించింది.

సంఘం పాత్ర కూడా ఇక్కడ ఆలోచించదగినది. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. ఒంగోలు ప్రాంతంలో ఆయన సాక్ష్యంతో మొదలైన కదలిక 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం వరకు వెళ్ళింది. క్లౌ దొర విశ్వాసులకు నియమించిన కట్టడలలో చచ్చిన పశువుల మాంసం తినకూడదన్నది ఒకటి. ఆరోగ్యరీత్యా, గౌరవరీత్యా అది మంచి కట్టడే. అయితే మాంసాన్ని విడిచిపెట్టమన్న మాటతో పాటు, కాలక్రమంలో తోలు పనిని గురించిన సిగ్గు కూడా మన సంఘాలలో స్థిరపడింది. మనవలు తాతల వృత్తిని దాచిపెట్టారు. ఆ వృత్తిలోని జ్ఞానం కూడా దానితో పాటే మరుగుపడింది. ఆ నష్టాన్ని మనం ఇంకా లెక్కించలేదు.

6. యొప్పేలో సీమోను ఇల్లు

లేవీయకాండము 11వ అధ్యాయం ప్రకారం జంతు కళేబరాన్ని తాకినవాడు సాయంకాలం వరకు అపవిత్రుడు. 'సాయంకాలం వరకు' అన్న ఈ పరిమితిని జాగ్రత్తగా గమనించాలి. ధర్మశాస్త్రంలోని ఆ అపవిత్రతకు సూర్యాస్తమయంతో ముగింపు ఉంది. అది తండ్రి నుండి కొడుక్కు సంక్రమించదు. మన గ్రామ వ్యవస్థ దానికి ముగింపు లేకుండా చేసి, పుట్టుకతో ముడిపెట్టింది.

అయినా యూదుల సమాజంలో కూడా చర్మకారుల పట్ల చిన్నచూపు పెరిగింది. కళేబరాలను, సమాధులను ఉంచినట్టే తోళ్ళు పదును చేసే స్థలాన్ని కూడా పట్టణానికి 50 మూరల దూరంలో ఉంచాలని మిష్నా నిర్దేశించింది. మన వాడలు ఊరికి ఎడంగా ఎందుకున్నాయో ఎరిగినవారికి ఈ సంగతి కొత్తగా తోచదు.

ఈ నేపథ్యంలో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చివర, 10వ అధ్యాయం ఆరంభం చదవాలి. పేతురు యొప్పేలో బస చేసినది చర్మకారుడైన సీమోను ఇంట్లో. ఆ ఇల్లు సముద్రపు దరిన ఉంది. పేతురు మిద్దె మీద ప్రార్థిస్తుండగా ఆకాశం నుండి దుప్పటి వంటిది దిగివచ్చింది. దానిలో చతుష్పాద జంతువులు, పాకే పురుగులు, పక్షులు అన్నీ ఉన్నాయి. దేవుడు పవిత్రం చేసినదానిని నిషిద్ధమనవద్దని స్వరం వినబడింది. ఆ దర్శనం కొర్నేలి ఇంటికి దారి తీసిందని మనం ప్రసంగిస్తాము. అది న్యాయమే. కాని ఆ దర్శనం కలిగిన ఇంటి కింది భాగంలో తోళ్ళు నానుతున్నాయని మనం ఎప్పుడైనా ప్రసంగించామా? జంతు దేహాలను ముట్టుకొని బ్రతికే మనిషి ఇంటి కప్పు మీదనే దేవుడు పవిత్రతకు కొత్త అర్థం చెప్పాడు. పేతురు మైలను గురించిన తన పాఠాన్ని దేవాలయ ఆవరణంలో కాక అక్కడ నేర్చుకున్నాడు.

ప్రభువు తానే కుష్ఠరోగిని ముట్టాడు. నాయీను ఊరి వాకిట పాడెను ముట్టాడు. ఆయన చేయి మైలపడలేదు. ఆ చేయి తాకినవాడు శుద్ధుడయ్యాడు, ఆ పాడె మీది చిన్నవాడు లేచి కూర్చున్నాడు.

7. కత్తి పక్కన పెట్టిన తరువాత

ప్రయోగశాల చరిత్ర ఇటీవల మరొక మలుపు తిరిగింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో జంతుశాస్త్ర కోర్సులలో జంతువులను కోయడాన్ని బాగా తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో డిగ్రీ, పి.జి. స్థాయిలలో దానిని పూర్తిగా ఆపమంది. జీవజాతులను కాపాడడం, జంతుహింసను నివారించడం దీనికి కారణాలు. కప్పలు పంటల పురుగులను తింటాయి. వాటి సంఖ్య తగ్గుతున్నదన్న ఆందోళనతోనే భారతదేశం 1987లో కప్ప కాళ్ళ ఎగుమతిని నిషేధించింది. నేడు చాలా చోట్ల నమూనాలు, చార్టులు, కంప్యూటరు చిత్రాలు ట్రే స్థానంలోకి వచ్చాయి.

దీనిని గురించి సంఘం విచారపడనవసరం లేదు. నోవహుతో చేసిన నిబంధనలో దేవుడు సమస్త జీవులను చేర్చాడు. నీతిమంతుడు తన పశువు ప్రాణం పట్ల కూడా దయ చూపుతాడని సామెతల గ్రంథం బోధిస్తుంది. ఒకే పాఠం కోసం ప్రతి సంవత్సరం ప్రతి విద్యార్థికీ ఒక కప్ప చావాలన్నది మనం సమర్థించవలసిన సూత్రం కాదు.

అసలు నష్టం వేరొక దిక్కు నుండి వస్తున్నది. వైద్య సీట్లకు నిర్వహించే నీట్ పరీక్ష 720 మార్కులలో 360 జీవశాస్త్రానివే. అన్నీ నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొనే ప్రశ్నలే. చేతితో చేయవలసినది ఒక్కటీ లేదు. అందువలన కోచింగు మీద నడిచే కళాశాలలలో ప్రయోగశాల తలుపు పరీక్షకు ముందు కొద్ది రోజులు మాత్రమే తెరుచుకోవడం మన సంఘ పిల్లలు మనకు చెప్పే సంగతే. ఉల్లిపొరను చూడకుండానే దాని బొమ్మ గీస్తారు. ఒకరి రికార్డును మరొకరు నకలు చేస్తారు. డబ్బిచ్చి రాయించుకునేవారూ ఉన్నారు. ఉల్లిపొరకు ఏ జీవి ప్రాణమూ తీయనక్కరలేదు. వేరు కొనను నలిపి కణవిభజన చూడడానికి యు.జి.సి. అడ్డు చెప్పలేదు. కప్ప లేకపోవడం వల్ల ప్రయోగశాల ఖాళీ కాలేదు, చూసి తెలుసుకోవాలన్న కోరిక లేకపోవడం వల్ల ఖాళీ అయింది.

8. సంఘ పరిచర్యకు కొన్ని సూచనలు

పాస్టర్లకు, వేదాంత విద్యార్థులకు మేము మూడు సూచనలు చేస్తున్నాము.

మొదటిది, బై.పి.సి. చదివే యవనస్థులను ర్యాంకు గురించే గాక, ఈ వారం ప్రయోగశాలలో ఏమి చూశావని కూడా అడుగుదాము. చూడనిదానిని చూసినట్టు రికార్డులో రాయడం చిన్న విషయమని వారు అనుకుంటారు. రేపు అదే చేయి రోగి పరీక్షా ఫలితాన్ని రాస్తుంది. అబద్ధ సాక్ష్యాన్ని గురించిన బోధను వారి రికార్డు పుస్తకం వరకు తీసుకువెళ్ళాలి.

రెండవది, జీవశాస్త్రం చదివితే విశ్వాసం పోతుందని బెదిరించడం మానుదాము. పరిణామ సిద్ధాంతంపై మన సంఘాలలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఉంటాయి. కాని మెండెల్ తన మఠపు తోటలో లెక్కించినట్టు నిజాయితీగా లెక్కించే విద్యార్థికి సంఘంలో చోటుండాలి. ప్రశ్నతో వచ్చిన యవనస్థుని ముందు తలుపు మూస్తే, అతడు ప్రశ్నను విడిచిపెట్టడు, సంఘాన్ని విడిచిపెడతాడు.

మూడవది, మన సంఘాలలో లంద చూసిన వృద్ధులు ఇంకా కొందరున్నారు. వారి పనిని, వారి మాటలను, తోలు పదును చేసిన విధానాన్ని వేదాంత కళాశాలల విద్యార్థులు పరిశోధనగా సేకరించాలి. సంఘ చరిత్ర అంటే మిషనరీల రాకపోకల తేదీలతో ముగిసేది కాదు. కేరీ చెప్పులు కుట్టాడని గౌరవంతో చెప్పే మనం, మన తాతలు చెప్పులు కుట్టారని కూడా అంతే గౌరవంతో చెప్పగలగాలి.

యోహాను తన మొదటి పత్రికను ప్రారంభిస్తూ జీవవాక్యాన్ని గురించి తాము విన్నామని, కన్నులారా చూశామని, చేతులతో తాకామని సాక్ష్యమిచ్చాడు. మన విశ్వాసమే చేతితో తాకినవారి సాక్ష్యం మీద నిలిచింది. కాబట్టి మన బిడ్డ మొదటిసారి సూక్ష్మదర్శిని మీదికి వంగిన దినాన, దానిని మార్కుల లెక్కలో పడేయకుండా, ఆ చేతుల కోసం ప్రార్థిద్దాము. ఆ చేతుల వెనుక, ఎవరూ మార్కులు వేయని చేతులు ఎన్నో ఉన్నాయి.